దుగ్గిరాల పసుపు - ప్రేవులలోని మంట

విజయవాడనుండి తెనాలికి వచ్చు రైలుదారిలో దుగ్గిరాల యున్నది. పసుపు వ్యాపారమునకు ఆ యూరు పేరుపడినది. తెనాలిలో దారి చీలి యొకటి రేపల్లెకును, ఒకటి బాపట్ల మీదుగా చెన్నపట్టణమునకును పోవును. ఈ మూడూళ్లలో పప్పులో వేసెడిదియు, పేరంటమున పాదములకు రాచెడిదియు, జలుబు చేసిన బిడ్డకు పాలలో కలిపి యిచ్చెడిదియు పసుపే గదా!

ఇప్పుడు దానికి క్రొత్త గౌరవ మబ్బినది. యాంటీ ఆక్సిడెంటు అను పేరుతో దాని సారమును మాత్రలుగా చేసి సీసాలలో అమ్ముచున్నారు. ప్రేవులు పుండుపడి నెత్తురు పోవు రోగమునకు వైద్యుడిచ్చిన మందు మాని, వీనినే మ్రింగుదమను వారును గలరు. కావున, సోదరీమణులారా, ఈ సంగతి కొంచెము నిదానముగా ముచ్చటించుకొందము.

తెగిన వ్రేలిపై హైడ్రొజన్ పెరాక్సైడు పోసినపుడు తెల్లని నురుగు పొంగుట మీరు చూచియుందురు. తరిగిన బంగాళాదుంపపై నొక చుక్క వేయుడు, అచటను పొంగును. నెత్తురులోను, దుంపలోను గల కెటలేజు అను ఎంజైము ఆ మందును నీరుగను, ప్రాణవాయువుగను విడగొట్టుటయే ఆ నురుగునకు కారణము. 1946లో జపాను దేశమున తకహరా అను వైద్యుడు నోటిలో పుండు గల యొక బాలికకు శస్త్రచికిత్స చేసి ఈ మందు పోయగా నురుగు రాలేదు సరికదా, నెత్తురు నల్లబడినది. ఆ బిడ్డ నెత్తురులో కెటలేజు లేదని పిమ్మట తేలినది.

మందుసీసాలోని యీ పెరాక్సైడు మన శరీరమునను కొద్దికొద్దిగా పుట్టుచునే యుండును. పొయ్యి మండునపుడు రవ్వలు లేచినట్లు, కణములలో ఆహారము శక్తిగా మారునపుడు సూపరాక్సైడు అను చురుకైన పదార్థము పుట్టును. దానిని పెరాక్సైడుగా మార్చు ఎంజైమును 1969లో అమెరికాలో మెకార్డు, ఫ్రిడోవిచ్ అనువారు కనుగొనిరి. ఆ పెరాక్సైడును కెటలేజు మొదలగునవి నశింపజేయును. రవ్వలెక్కువై, ఆర్పెడి ఎంజైములు చాలనిచో కణములు చెడును. దీనినే ఆక్సీకరణపు ఒత్తిడి యందురు.

అల్సరేటివ్ కొలైటిస్ అను పెద్దప్రేవు వ్యాధిలో జరుగునది చాలవరకిదియే. క్రిములను చంపుటకు తెల్లకణములు ఈ రవ్వలనే ఆయుధముగా చిమ్మును. ఈ వ్యాధిలో నవి ప్రేవు పొరలో గుంపుగూడి, ఆపక చిమ్ముచుండుటచే పొర పుండుపడును. జిగట, నెత్తురు, కడుపునొప్పి, మాటిమాటికి దొడ్డికి పోవలయు ననిపించుట దీని లక్షణములు. మన స్త్రీలు దీనిని మొలలనుకొని, మగవారితో చెప్పుటకు సిగ్గుపడి, నెలల తరబడి దాచుదురు. మొగము పాలిపోయినను ఉపవాసముల బడలిక యనుకొందురు. ఈ దాచుట యెంతటి కీడో చెప్పనలవి కాదు.

పసుపునకు రంగునిచ్చు కుర్కుమిను, కణములచే రక్షక ఎంజైములను హెచ్చుగా చేయించునని ప్రయోగశాలలలో కనబడినది. మనుష్యులలోనో? 2006లో జపాను వైద్యులు, వ్యాధి నెమ్మదించియున్న 89 మందికి వాడుక మందును మాన్పింపకయే, కొందరికి దినమునకు 2 గ్రాముల కుర్కుమినును, కొందరికి ఉత్త మాత్రలను ఆరు నెలలిచ్చిరి. కుర్కుమిను పుచ్చుకొన్న 43 మందిలో ఇద్దరికి, తక్కిన 39 మందిలో 8 మందికి వ్యాధి తిరుగబెట్టినది. సంతోషింపదగినదే. కాని ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థవారు, వ్యాధి చురుకుగా నున్న 62 మందిపై పరీక్షించి 2017లో ప్రకటించినదానిలో దినమునకు 450 మిల్లీగ్రాములవలన ఉత్త మాత్రలకు మించిన గుణము కానరాలేదు.

ఇక వంటింటి లెక్క చూతము. నూరుపాళ్ల పసుపులో కుర్కుమిను ఇంచుమించు మూడుపాళ్లు. 2 గ్రాములు రావలెనన్న దినమునకు 66 గ్రాముల పసుపు కావలయును. అంత పసుపు వేసిన పప్పును మా యింట పిల్లియైనను ముట్టదు! చిటికెడు పసుపు రుచికిని, రంగునకును మంచిదే. దానిని మందని యెంచరాదు.

మాత్రలలోనైతే కుర్కుమిను ఎక్కువ. కొన్నిట దానిని నెత్తురులోని కెక్కించుటకు మిరియాల సారమును చేర్చుదురు. మందులవలన కాలేయము చెడినవారిని పరిశీలించు అమెరికా వైద్యబృందమొకటి, 2011 తరువాత పసుపు మాత్రలవలన అట్లు చెడిన 10 మందిని గుర్తించినది. అందు 8 మంది స్త్రీలు. ఒకరు మరణించిరి.

విరేచనములో నెత్తురు కనబడినచో మొలలని తేల్చుకొనక వైద్యునితో చెప్పవలయును. దీపముగల గొట్టముతో పెద్దప్రేవును లోపలినుండి చూచు పరీక్ష యొకటి గలదు. రేపల్లెనుండి గాని, బాపట్లనుండి గాని గుంటూరు దూరము కాదు. ఇదివరకే పసుపు మాత్రలు పుచ్చుకొనుచున్నవారు, ఆ సీసాను కూడ సంచిలో వేసికొనిపోయి వైద్యునకు చూపవలయును.