బోర్డు లేని నర్సరీలు

క్రొత్తగా ఇల్లు కట్టుకున్న కుటుంబం ముందుగా తలపెట్టే పనుల్లో, గేటు ప్రక్కన ఒక మామిడో, జామో, ఏదీ కుదరకపోతే ఒక మల్లె పొదో నాటుకోవడం ఒకటి. రంగారెడ్డి జిల్లా రావిర్యాల వైపు ఇప్పుడు అటువంటి ఇళ్లు చాలా లేస్తున్నాయి. ఔటర్ రింగు రోడ్డు 13వ ఎగ్జిట్ దగ్గర దిగితే వచ్చే ఊరది. 2016లో అక్కడ వండర్‌లా తెరిచాక పట్నం పిల్లలందరికీ ఆ పేరు తెలిసిపోయింది. ఆ ఊరికి ఒక ప్రక్క శ్రీశైలం రోడ్డు, మరొక ప్రక్క నాగార్జునసాగర్ రోడ్డు. మొక్క కావాలంటే మనం బండి ఆపేది సాధారణంగా ఇటువంటి పెద్ద రోడ్ల ప్రక్కనే. పూసిన గులాబీలను ముందు వరుసలో పెడతారు కనుక కన్ను అటే పోతుంది.

అక్కడ కొనడం తప్పేమీ కాదు. అయితే రోడ్డు ప్రక్కన అమ్మే మొక్కల్లో చాలా భాగం తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక ప్రాంతాల నుండి లారీల్లో వచ్చినవే. గోదావరి కాలువల నీరు, ఒండ్రుమట్టి, అంటు కట్టడంలో తరాలుగా ఆరితేరిన చేతులు ఉన్న ఆ ఊళ్లకు దేశమంతటా పేరుంది. ఆ పేరును తక్కువ చేయడం మన ఉద్దేశం కాదు. కాని ఆ తేమలో, నీడలో పెరిగిన మొక్క సుమారు 400 కిలోమీటర్లు ప్రయాణించి వచ్చి, 40 డిగ్రీలు దాటే ఎండలో మన ఎర్ర చెలకలో దిగితే బెంగ పెట్టుకుంటుంది. ఆకులన్నీ రాలుస్తుంది. కొన్ని తేరుకుంటాయి, కొన్ని తేరుకోవు.

పెద్ద రోడ్డు వదిలి లోపలికి వెళ్తే, అర ఎకరమో ఎకరమో కౌలుకు తీసుకుని భార్యాభర్తలే చూసుకునే చిన్న నర్సరీలు ఉంటాయి. అక్కడి మొక్క మన ఎండకు, మన బోరు నీళ్లకు పుట్టినప్పటి నుండీ అలవాటు పడి ఉంటుంది. పైగా సంచిలో మట్టి నింపిన మనిషి, అంటు కట్టిన మనిషి మన ఎదురుగానే ఉంటారు.

పండ్ల మొక్కల విషయంలో ఇదే ముఖ్యం. అంటు మామిడి కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. బంగినపల్లి అని చెప్పి ఇచ్చింది బంగినపల్లి కాదని తెలిసేది అప్పుడే. డబ్బు పోతే పోయింది, నీళ్లు పోసిన ఆ నాలుగేళ్లను ఎవరు తిరిగి ఇస్తారు? అందుకే మొహమాటపడకుండా అడగండి: “ఈ అంటుకు కొమ్మ ఏ చెట్టు నుండి తెచ్చారు? ఆ చెట్టు చూడవచ్చా?” తల్లి చెట్టును చూపించగలిగిన నర్సరీ దొరికితే, నాలుగు కిలోమీటర్లు ఎక్కువైనా అక్కడే కొనండి. కొనేటప్పుడు అంటు అతుకు గట్టిగా కలిసిందో లేదో వ్రేలితో తడిమి చూడండి. అతుకు క్రింద నుండి చిగుళ్లు వస్తుంటే అవి క్రింది నాటు మొక్కవి. బత్తాయి, నిమ్మ అంట్లలో వాటిని త్రుంచకపోతే చివరికి అవే చెట్టై కూర్చుంటాయి. చిన్న సంచిలో నిలువెత్తు మొక్క ఉంటే మురిసిపోవద్దు, లోపల వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉండవచ్చు.

ఇక అసలు చిక్కు, వీళ్లను కనుక్కోవడం. బోర్డు ఉండదు, ఉన్నా మలుపులో కంపచెట్ల మాటున ఉంటుంది. వీధిలోకి ట్రాలీ ఆటోలో మొక్కలు తెచ్చే అబ్బాయిని ఎక్కడి నుండి తెస్తున్నావని అడిగి చూడండి. బేరం పోతుందని కొందరు చెప్పరు, కొందరు సంతోషంగా చెబుతారు. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత తెలంగాణ పల్లెల్లో ఊరి నర్సరీలు ఏర్పడ్డాయి. అక్కడ నీళ్లు పట్టే అమ్మలకు చుట్టుప్రక్కల ఎవరు మంచి మొక్కలు పెంచుతారో బాగా తెలుస్తుంది. ఉద్యాన నర్సరీల నమోదుకు 2010లోనే ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది కనుక, ఉద్యాన శాఖ కార్యాలయంలో నమోదైన వారి పేర్లు అడగవచ్చు. హైదరాబాదు నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో జరిగే నర్సరీ మేళాకు వెళ్లినప్పుడు మొక్కలకంటె ముందు ఊళ్ల పేర్లు వ్రాసుకోండి. అక్కడి జనసమ్మర్దంలో నచ్చిన మొక్కను నిదానంగా చూడనే లేము.

ఈ చిన్నవారికి మరొక కష్టం ఉంది. ప్లాట్లు పడ్డాయంటే కౌలు భూమి ఖాళీ చేయవలసిందే. వేల సంచులు మోసుకుని ఇంకా లోపలికి పోతారు. నిరుడు కొన్నవారు ఈ ఏడు వచ్చి చూస్తే అక్కడ హద్దురాళ్లు కనబడతాయి. నర్సరీ మూతపడిందనుకుని వెనుదిరుగుతారు. ఇటు కొనేవారికి ఆ మనిషి దొరకడు, అటు ఆయనకు పాత బేరాలన్నీ పోతాయి. కాబట్టి మొక్కతోపాటు ఫోన్ నంబరు కూడా తెచ్చుకోండి. మీ ఇంట్లో కాలేజీ పిల్లలుంటే, ఆయన అనుమతితో ఆ చోటును గూగుల్ పటంలో పెట్టించండి. దానికి ఖర్చు లేదు. చాలామంది నర్సరీవాళ్లకు తీరికా ఉండదు, ఆ పని అలవాటూ ఉండదు.

మీ జామ కాచినప్పుడు ఎవరైనా ఎక్కడ కొన్నారని అడిగితే, “సాగర్ రోడ్డు మీద” అని ఊరుకోకండి. ఏ మలుపు, ఏ చెరువు కట్ట దాటాలి, గేటు ఏ రంగు, ఇంట్లో మనిషి ఏ వేళకు ఉంటారు, ఇవన్నీ చెప్పండి.