ఉన్నత పాఠశాలలో ఆంగ్లకథ: పదబోధనకు తెలుగు తోడ్పాటు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల ఉన్నత పాఠశాలలలో ఆంగ్లకథాపాఠము తరచుగా ఒకే తీరున ఆరంభమగును. ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఎడమప్రక్క ఇరువది కఠినపదములను, కుడిప్రక్క వాని తెలుగు అర్థములను వ్రాయును. విద్యార్థులు వానిని పుస్తకముల కెక్కించుకొందురు. ఆ మీదట కథను చదువుదురు. చదువుట ముగియునప్పటికి పట్టిక మిగులును, కథ జారిపోవును. కొలది వారములకు ఆ పట్టికయు జారిపోవును. దీనికి ఉపాధ్యాయుల అశ్రద్ధ కారణమనుట న్యాయము కాదు. నిజమునకు శ్రద్ధ గలవారే ఇట్టి పట్టికలను ఎక్కువగా వ్రాయింతురు. లోపము పద్ధతియందున్నది.

కథలోని పదమును కథనుండి వేరుచేసి ముందుగా ఇచ్చుటవలన ప్రయోజనము స్వల్పమనియు, బాలుడు ఇంటినుండి తెచ్చుకొన్న తెలుగే, ముఖ్యముగా ఈ సీమ తెలుగే, ఆ పదమును చేరుటకు దగ్గరి త్రోవ యనియు ఈ వ్యాసమున చూపదలచితిని. ఆంగ్లబోధనను గూర్చిన విషయమునకు తెలుగుశాఖ వారి పత్రికలో చోటెందుకని కొందరు ప్రశ్నింపవచ్చును. 2020 తరువాత రాష్ట్రమున ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమము విస్తరించినది. ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఆంగ్లము గల ద్విభాషా పాఠ్యపుస్తకములు వచ్చినవి. ఇట్టి స్థితిలో బాలునకు ఆంగ్లపదములను నిదానముగా నేర్చు అవకాశమున్నది ఒక్క ఆంగ్లపు తరగతియందే. అచ్చట పదము పట్టువడనిచో విజ్ఞానశాస్త్రమున పట్టువడదు, సాంఘికశాస్త్రమున పట్టువడదు. నష్టము ఒక్క పాఠముతో పోవునది కాదు.

కథ చదువువానికి ఎన్ని పదములు తెలిసియుండవలెను? మన దేశపు తరగతి గదులను దృష్టియందుంచుకొని ఈ ప్రశ్నను విచారించినవారిలో మైకేల్ వెస్ట్ ముఖ్యుడు. ఆయన ఢాకాలో ఉపాధ్యాయశిక్షణ కళాశాలకు అధ్యక్షుడుగా నుండి, వంగదేశపు బాలుర ఆంగ్లాభ్యాసమును పరిశీలించి 1926లో తన నివేదికను వెలువరించెను. 1953లో ఆయన ప్రకటించిన సామాన్యోపయోగ పదసూచిలో సుమారు 2000 మూలపదములు కలవు. బాలునకు మాటలాడుటకంటె చదువుట ముందు రావలెనని ఆయన వాదించెను. నేడు ఆ వాదమును సంపూర్ణముగా అంగీకరించుట కష్టమే కాని, పదములను ఎంచి నేర్పవలెనన్న ఆయన మూలసూత్రము మాత్రము చెక్కుచెదరలేదు. అటుపిమ్మట బట్యా లాఫర్ 1989లో, ఒక రచన అర్థమగుటకు అందలి పదములలో నూటికి 95 తెలిసియుండవలెనని సూచించెను. హూ, పాల్ నేషన్ అను పరిశోధకులు 2000లో, పరసహాయము లేక కథను సుఖముగా చదువుటకు నూటికి 98 కావలెనని తేల్చిరి.

ఈ లెక్కను మన తరగతికి అన్వయింతము. వేయి పదముల కథలో నూటికి 98 తెలిసినచో తెలియనివి 20 మాత్రమే. నూటికి 90 తెలిసినచో తెలియనివి 100. అనగా ఇంచుమించు పంక్తికొకటి. ఇట్టి కథను చదువు బాలుడు సందర్భమునుబట్టి అర్థమును ఊహించలేడు, ఏలయన ఊహకు ఆధారమైన ప్రక్కపదములును అతనికి తెలియవు. కావున మొదట చేయవలసినది కథాసంగ్రహమును తెలుగున చెప్పుట. ఇది దొంగత్రోవ యని ఆంగ్లోపాధ్యాయులు కొందరు సంకోచింతురు. ఆ సంకోచము నిష్కారణము. కథ తెలిసినవాడే పదమును వెదకును. పిదప ఆ నూరు పదములనుండి ఎనిమిదింటినో పదింటినో ఎంచవలెను. కథ ఏ పదముపై మలుపు తిరుగునో అది యొకటి. రేపు మరియొక పాఠమున మరల ఎదురగునది మరియొకటి. తక్కినవానికి చదువుచుండగనే ఒక్క తెలుగు మాట చెప్పి ముందుకు సాగుట మేలు.

ఎంచుట యనగా నేమో టాల్‌స్టాయి 1886లో వ్రాసిన "మనిషికెంత భూమి కావలెను" అను కథవలన చూపవచ్చును. పులివెందుల వైపు బాలురకు ఇంతకంటె తగిన పరదేశపు కథ అరుదు. పహోమ్ అను రైతు భూమిపై ఆశచే ఊరు విడిచి, బష్కీరుల దేశమునకు పోవును. అచ్చట దినమునకు వేయి రూబుళ్లు వెల. ప్రొద్దుపొడుపున బయలుదేరి నడచినంత మేర భూమియు అతనిదే. అయితే ప్రొద్దుగ్రుంకులోపల బయలుదేరిన చోటికే తిరిగి రావలెను, రానిచో సొమ్ము పోవును. ఈ కథ ఆంగ్లానువాదమున కఠినములనిపించు పదములు అనేకము కలవు. అందు నేను నేర్పదగినవని తలచునవి సరిహద్దును, ప్రొద్దుగ్రుంకును, పారను, పచ్చికబయలును, బీడును తెలుపు పదములు, మరి రెండు మూడు. వీనిని తీసివేసినచో కథ నిలువదు. రష్యా దేశపు పానీయముల పేర్లు, ఉడుపుల పేర్లు నేర్వకున్నను కథకు లోటు లేదు.

ఈ ఐదింటిలో బీడును తెలుపు ఆంగ్లపదమును గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. దాని ఉచ్చారణ "ఫ్యాలో". వెంబడించుట అను అర్థము గల "ఫాలో" బాలునకు ముందే తెలియును గనుక అతడు దీనిని దానితో కలిపివేసి, భూమి ఎవరినో వెంబడించుచున్నదని తికమకపడును. అర్థమున మరియొక చిక్కు కలదు. వానలు లేక, బోర్లు ఎండి, చేను విత్తబడక పడియున్నచో దానిని మనము బీడనుచున్నాము. టాల్‌స్టాయి కథలోనిది అట్టిది కాదు. ఒకటి రెండేండ్లు గోధుమ పండించిన నేలను, తిరిగి గడ్డి మొలచి సారము చేకూరుటకై రైతు కావలెననియే విడిచిపెట్టును. మనది వాన చేసిన బీడు, అది రైతు చేసిన బీడు. ఈ భేదమును ఆంగ్లనిఘంటువు చూచి చెప్పుటకంటె, "మీ చేను ఎందుకు బీడుపడినది?" అని అడిగి బాలునిచేతనే చెప్పించుట సులభము. అట్లే ఆంగ్లమున పొలమును తెలుపు ఒక్క పదమునకు ఈ సీమలో చేను, కయ్య, తోట అని మూడు మాటలు వచ్చును. మెట్టకు ఒక పేరు, నీటి సేద్యమునకు ఒక పేరు గల బాలునకు ఆంగ్లపదమే పేదదిగా తోచును. తోచనిండు. ఆ పోలిక చేసినవాడు పదమును మరువడు.

ప్రొద్దుటూరు బంగారు వర్తకమునకు పేరుపడిన పట్టణము. అచ్చటి తరగతికి ఓ. హెన్రీ 1905లో ప్రకటించిన కథ, భార్యాభర్తలు ఒకరికొకరు కానుకలు కొనుటకై తమ ప్రియవస్తువులను అమ్ముకొను కథ, చక్కగా అమరును. ఇందు రెండు పదములే పాఠమునంతటిని మోయును. భర్త తెచ్చిన వానిని దువ్వెనలు అని పట్టికలో వ్రాసినచో, దువ్వెనలకొరకు గడియారమును అమ్ముకొనుట యేమని పిల్లలు నవ్వుదురు. అవి తలదువ్వుకొనునవి కావు, అంచున రాళ్లు పొదిగి జుట్టులో తురుముకొను నగలు. భార్య తెచ్చినది చైను. ప్రొద్దుటూరున చైను అనగా మెడలో వేసికొను బంగారు గొలుసు. కథలోనిది జేబుగడియారమునకు తగిలించు ప్లాటినపు గొలుసు. ఒక పదము తెలియకపోవుటవలన కథ చెడినది, వేరొకటి తెలిసియుండుటవలన చెడినది. ఈ రెండవ ప్రమాదమును మన బోధనగ్రంథములు తగినంతగా పట్టించుకొనలేదని నా అభిప్రాయము.

ఇట్టి పదములు మన వాడుకలో అసంఖ్యాకములు. కరెంటు అనగా విద్యుత్తు తప్ప, ప్రస్తుతము అను అర్థము కలదని పల్లెబాలునకు తోచదు. మోటారు అనగా బావికాడ నీరు తోడునది. పెన్న ఒడ్డును తెలుపు ఆంగ్లపదమును చదివిన జమ్మలమడుగు బాలునకు పంటరుణమిచ్చు బ్యాంకే స్ఫురించును. వీనికంటె గడ్డువి పార్టీ, ఫ్యాక్షను అనునవి. మన గ్రామములలో పార్టీ అనగా తరచు ఊరిలోని ఒక పక్షము. ఆంగ్లమున ఫ్యాక్షను అనగా ఒక సంఘములో చీలిన వర్గము. మన సీమలో అది వర్గమునకు గాక పగకే పేరైనది. పుట్టినరోజు పార్టీకి ఊరందరు వచ్చిరని ఆంగ్లకథలో చదివిన పసివాడు క్షణకాలము ఏమి ఊహించునో ఆ ఊళ్లలో పనిచేసిన ఉపాధ్యాయులకు నేను చెప్పనక్కరలేదు. ఎరువుపదములు తెలుగున ప్రవేశించి అర్థము మార్చుకొనుట భాషాశాస్త్రజ్ఞులకు సామాన్యవిషయము. ఆ మార్పు తిరిగి ఆంగ్లపఠనమునకు అడ్డుతగులుట మాత్రము తరగతిలోనే కానవచ్చును. ఈ మూడు ప్రాంతముల వాడుకనుండి అట్టి పదములను సేకరించి, అర్థభేదములతో కూర్చుట పరిశోధక విద్యార్థులు చేపట్టదగిన పని.

ఈ పనికి ఈ జిల్లాలోనే మేలైన మాదిరి యున్నది. 1820లో సి. పి. బ్రౌన్ కడపకు ఉద్యోగియై వచ్చెను. 1852లో వెలువడిన ఆయన తెలుగు-ఆంగ్ల నిఘంటువున కావ్యపదములతోపాటు వ్యవహారమునందలి మాటలును, అవి వచ్చు వాక్యములును చేరినవి. ఒక పదమునకు ఒక అర్థమిచ్చి ఊరకుండక, అది ఏ మాట ప్రక్కన ఏ అర్థమునిచ్చునో చూపుట ఆయన పద్ధతి. పరభాషను నేర్చువాడు వ్రాసిన నిఘంటువగుటచే నేర్చువాని ఇబ్బంది అందు కనబడును. నల్లబల్లపై సమానార్థకముల పట్టిక వ్రాయుటకంటె, బ్రౌన్ నిఘంటువునుండి ఒక్క పుటను తరగతిలో చదివించుట లాభకరము. చీనీ, బీడు, వంక వంటి మాటలకు ఆయన ఇచ్చిన ఆంగ్లార్థములను నేటి వాడుకతో పోల్చుమని పదవ తరగతివారికి అప్పగింపవచ్చును.

పులివెందుల ప్రాంతపు పైడిపాలెమున జన్మించిన రాచమల్లు రామచంద్రారెడ్డి (1922-1988) మాస్కోలో ప్రగతి ప్రచురణాలయమున అనువాదకుడుగా పనిచేసి, ఆ అనుభవము గలవాడై "అనువాద సమస్యలు" అను గ్రంథమును రచించెను. దానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. అది అనువాదకులకే ఉద్దిష్టమని మన ఆంగ్లోపాధ్యాయులు దానిని తెరువరు. తెలుగు పండితులు చదువుదురు కాని, దానిని ఆంగ్లపు తరగతివరకు కొనిపోవు అవకాశము వారికి లేదు. ఒకే పాఠశాలలో, ఒకే గదిలో కూర్చుండు ఈ ఇరువురు ఒక కథను కలిసి బోధించిన సందర్భములు మిక్కిలి తక్కువ. ప్రొద్దుటూరున తెలుగు పండితులుగా నుండిన పుట్టపర్తి నారాయణాచార్యులు (1914-1990) బహుభాషావేత్తలై ఆంగ్లమునను రచనలు చేసిరి. అందరును పుట్టపర్తివారు కానేరరు, కానక్కరయు లేదు. వారమున కొక గంట ఆంగ్లోపాధ్యాయుని ప్రక్కన కూర్చుండి, "ఈ మాటకు మన ఊరిలో ఏమందురు?" అను ప్రశ్నకు బదులు చెప్పగలిగిన చాలును.

ఈ సహకారము ఆచరణయందు ఎట్లుండవచ్చునో చెప్పెదను. తెలుగు ఉపాధ్యాయుడు కేతు విశ్వనాథరెడ్డి (1939-2023) కథ యొకటి తరగతిలో చదివించును. మరునాడు ఆంగ్లపు గంటలో పిల్లలు ఆ కథనే పది ఆంగ్లవాక్యములలో చెప్ప యత్నింతురు. కరవు, అప్పు, వలస వంటి మాటలవద్ద వారు ఆగుదురు. అప్పుడు పదము వారికి అవసరమైనది. లాఫర్, హుల్‌స్టీన్ 2001లో చెప్పిన సిద్ధాంతమునందు పదము నిలుచుటకు కావలసినవి మూడు: అవసరము, అన్వేషణము, పరిశీలనము. పట్టికలో మొదటిది లేదు, రెండవది ఉపాధ్యాయుడే చేసివేయును, మూడవదానికి సమయము చిక్కదు. ఈ అభ్యాసమున మూడును విద్యార్థి చేతికి వచ్చును. అరువదిమంది గల తరగతిలో ఇది సాధ్యమా యని సందేహించుట సహజము. పన్నెండుమంది చొప్పున విభజించి, గుంపునకు రెండేసి వాక్యములు అప్పగించినచో ఒక గంటలో ముగియును. గొడవ యగుననుట నిజమే. అది కథను గూర్చిన గొడవ.

ఇక పరీక్ష. పదమును ఒంటరిగా ఇచ్చి అర్థము వ్రాయుమను ప్రశ్న ఉన్నంతకాలము పట్టికయు ఉండును; పాఠశాలయందలి చిన్నపరీక్షలలోనైన దీనిని మార్చుట ఉపాధ్యాయుని చేతిలోనున్నది. "పహోమ్ ఏ పదమువద్ద వెనుదిరిగినచో బ్రదికియుండును? ఆ పదము గల వాక్యమును వ్రాయుము" అని అడుగవచ్చును. "ఆ చైను నీ మెడకు పట్టునా? పట్టదేని ఏల?" అని ప్రొద్దుటూరున అడుగవచ్చును. మూడు వారముల తరువాత మరియొక కథలో ఆ పదములే ఎదురగునట్లు పాఠక్రమమును అమర్చుకొని, అప్పుడు ఎవరును పట్టిక చూడకుండ చదివించి చూడవలెను.