టౌన్ హాలులో రాజక్క

సూర్యాపేట నుండి ఖమ్మమునకు పోవు మార్గమున నున్న మోతె, శాసనసభ లెక్కలలో కోదాడ నియోజకవర్గమునకు చెందిన మండలము. 2018లో ఈ నియోజకవర్గమున గెలుపోటములను నిర్ణయించినవి 756 ఓట్లు మాత్రమే. అనగా రెండు మూడు పోలింగు కేంద్రములు మొగ్గు మార్చినచో ఫలితమే తారుమారు కాగలిగియుండెడిది. నేటి శాసనసభ్యుని జీవితము ఇట్టి అంకెల నీడలో నడచుచుండును. కాని ఈ సూర్యాపేట సీమ ఎరిగిన ప్రతినిధులలో ఓట్ల లెక్కకు బహుకాలము పూర్వమే ప్రజాజీవితమున అడుగిడినవారు కలరు. వారిలో మల్లు స్వరాజ్యము చరితము విశిష్టమైనది.

1931లో, తుంగతుర్తి ప్రాంతపు కరివిరాల కొత్తగూడెమున, భూస్వామి గృహమున జన్మించిన ఈమె, వెట్టిచాకిరి చేయించుకొనెడి వర్గమున పుట్టియు వెట్టి చేయువారి పక్షమున నిలిచి, అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డితోపాటు తెలంగాణ సాయుధ పోరాటమున దిగి, అడవులలో ‘రాజక్క’యై దళములు నడపెను. ఇరువదేండ్లు నిండని ఆ యువతి తలకు నిజాము ప్రభుత్వము పదివేల రూపాయల వెల కట్టెను. 1951లో పోరాటము విరమింపబడెను. మరుసటి ఎన్నికలలో నాటి నల్లగొండ జిల్లా ప్రజలు ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటె అధికముగ ఓట్లు వేసిరి. తుపాకి దించిన చేతులు బ్యాలెట్టు పత్రమును ఎంత శీఘ్రముగ అందుకొనినవో దీనివలన తెలియగలదు.

స్వరాజ్యము మాత్రము శాసనసభ గడప తొక్కుటకు 1978 వరకు వేచియుండవలసివచ్చెను. మార్క్సిస్టు పార్టీ పక్షమున తుంగతుర్తి నుండి గెలిచి ఆమె కూర్చుండిన భవనమో, ఆరవ నిజాము నలుబదవ జన్మదినోత్సవ స్మారకముగ 1905లో ఆరంభింపబడి 1913లో పూర్తియైన హైదరాబాదు టౌన్ హాలు! తన తలకు వెల కట్టిన ఏడవ నిజాము తండ్రి పేర లేచిన కట్టడమున, ఆ రాజ్యముపై తిరుగబడిన స్త్రీ సభ్యురాలై కూర్చుండుట చరిత్ర పరిహాసములలో నొకటి. 1983లో తెలుగుదేశపు ప్రభంజనము రాష్ట్రమంతట వీచినను తుంగతుర్తి ఆమెనే మరల ఎన్నుకొనెను.

ప్రతిపక్ష సభ్యుని చేతిలో నుండు సాధనములు స్వల్పములు. నక్షత్రపు గుర్తుగల ప్రశ్న వేసినచో మంత్రి సభలో లేచి నోటితో సమాధానము చెప్పవలెను. దానిపై అనుబంధ ప్రశ్నలును అడుగవచ్చును. గుర్తు లేని ప్రశ్నకు వ్రాతపూర్వక సమాధానముతో సరి. బడ్జెటు పద్దులపై చర్చ, అర్జీల సమర్పణ, ఇవి మరికొన్ని. ప్రభుత్వమును మార్పజాలని సభ్యునకు మంత్రిచేత బహిరంగముగ పలికించుటయే గెలుపని నా అభిప్రాయము. గ్రామమున దొరను నిలదీసి అడుగుట నేర్చినవారికి మంత్రిని నిలదీయుట కొత్త విద్య కాదు.

1984 నవంబరులో సభ రద్దగుటతో, ఏడేండ్లైనను నిండని ఆమె సభ్యత్వము ముగిసెను. పిమ్మట సారా వ్యతిరేకోద్యమము రాష్ట్రమును కదలించినపుడు ఆమె పల్లె స్త్రీల నడుమనే యుండెను. ఆ ఉద్యమ ఫలితముగ 1995 జనవరిలో మద్యనిషేధము అమలునకు వచ్చినది; అప్పటికి ఆమె శాసనసభ్యురాలు కాదు.