యంత్రాజ్ఞలలో ఆవృత్తుల అంకెలు

అంకెల ఆజ్ఞలతో నడిచే మిల్లింగు యంత్రాన్ని 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ప్రదర్శించారు. నాడు ఆజ్ఞలు చిల్లులు పొడిచిన టేపుపై ఉండేవి. నేడు కంప్యూటరే యంత్రంలో అంతర్భాగమైంది. అయినను వ్రాసినవాని పొరపాటును సవరించుకొని చదివే ఓర్పు యంత్రానికి ఇంకను అలవడలేదు.

ఒక ఇనుప పలకపై 4 వరుసలలో, వరుసకు 6 చొప్పున, 24 బెజ్జాలు తొలవవలసి ఉన్నదనుకొందాము. ప్రతి బెజ్జానికి విడిగా ఆజ్ఞ వ్రాయుట వృథాశ్రమ. ఫానక్ నియంత్రికల మాక్రో భాషలో ఇందుకు 'వైల్' అనే షరతు, 'డూ', 'ఎండ్' అనే హద్దులు ఉన్నాయి. షరతు నెరవేరుతున్నంతవరకు హద్దుల నడుమనున్న పని మరల మరల జరుగుతుంది. రెండు హద్దుల ప్రక్కన ఒకే అంకె ఉండవలెను.

క్రొత్తవారు పొరబడేది ఇక్కడే. వరుసకు 6 బెజ్జాలు గనుక 'డూ 6' అని వ్రాస్తారు. ఆ అంకె ఎన్నిసార్లు చేయవలెనో చెప్పదు; అది ఆవృత్తికి పెట్టిన పేరు మాత్రమే. 1, 2, 3 తప్ప వేరొకటి పనికిరాదు. 6 వ్రాస్తే అనేక నమూనాలలో 126వ అలారం వస్తుంది. పేర్లు మూడే అయినను కొరత లేదు. ఒక ఆవృత్తి ముగిసిన పిమ్మట అదే అంకెను మరొకదానికి వాడవచ్చును.

ఆవృత్తిలో ఆవృత్తి ఉన్నప్పుడు అంకెలు వేరుగా ఉండవలెను. వరుసలకు 1, బెజ్జాలకు 2 అనుకొంటే, లోపలి 'ఎండ్ 2' వచ్చిన తరువాతనే వెలుపలి 'ఎండ్ 1' రావలెను. పెద్ద పెట్టెలో చిన్న పెట్టె ఇముడుతుంది గాని, సగం లోపల, సగం వెలుపల ఉండి రెండు మూతలూ పడవు గదా! మూడు అంతస్తులకు మించి ఇమడ్చరాదు. 'గోటూ' ఆజ్ఞతో ఆవృత్తి నుండి బయటకు దూకవచ్చును, బయటినుండి లోనికి దూకరాదు.

అలారం మ్రోగే తప్పు నిజానికి మేలు. పని ఆగిపోతుంది, అంతే. మ్రోగని తప్పులే ప్రమాదకరం. బెజ్జాల లెక్కను ప్రతి వరుస మొదట మరల 1 చేయుట మరచితిమా, మొదటి వరుస ముగిసేసరికి అది 7 అయి ఉంటుంది. మిగిలిన మూడు వరుసలలో షరతు నెరవేరదు. యంత్రం 6 బెజ్జాలే తొలిచి, పని పూర్తయినట్లు నిలుస్తుంది. లెక్కకు 1 కూడుటయే మరచితే, డ్రిల్లు తొలిచిన బెజ్జంలోనే మరల మరల దిగుతుంది, ఎవరైనా ఆపే వరకు.

ఒక్కొక్క వాక్యం నడిపి చూచే 'సింగిల్ బ్లాక్' మీటను నమ్ముకొంటే చాలదు. మామూలు అమరికలో యంత్రం మాక్రో వాక్యాల వద్ద ఆగదు. అందుచేత పలకను బిగించక మునుపే, డ్రిల్లును ఎత్తున ఉంచి, గాలిలో ఒక్కసారి నడిపించి, అది ఎన్నిమార్లు దిగినదో కాగితంపై గీతలు గీచి లెక్కించవలెను. 24 గీతలు వచ్చిన పిదపనే ఇనుము బిగించుట.