ఎలక్టొరల్ రోల్: బాప్తిస్మము నుండి బాధ్యతకు

చర్చ్ ఆఫ్ ఇంగ్లండు పారిష్ సంఘములలో ‘ఎలక్టొరల్ రోల్’ అను పట్టిక ఉండును. ఇది ప్రభుత్వ ఓటర్ల జాబితా కాదు, సభ్యత్వపు రిజిస్టరు కూడ కాదు. సంఘ సభ్యత్వమునకు మూలము బాప్తిస్మమే. సంఘ పరిపాలనలో పాలుపొందు గృహస్థ విశ్వాసుల పట్టికయే ఈ రోల్.

ఎవరు చేరవచ్చును? బాప్తిస్మము పొంది, 16 ఏండ్లు నిండి, అభిషిక్తులు కానివారు. వీరిలో మూడు తరగతులు కలవు.

1. చర్చ్ ఆఫ్ ఇంగ్లండుకు గాని, దానితో సహవాసము గల సంఘమునకు గాని చెంది, ఆ పారిష్‌లో నివసించువారు.
2. అట్టి సంఘస్థులై, పారిష్ వెలుపల నివసించుచు, ఆరు నెలలుగా అక్కడ క్రమముగా ఆరాధించువారు.
3. త్రిత్వ సిద్ధాంతమును అంగీకరించు ఇతర సంఘస్థులై, తాము చర్చ్ ఆఫ్ ఇంగ్లండు సభ్యులము కూడ అని ప్రకటించి, ఆరు నెలలుగా అక్కడ ఆరాధించువారు.

దక్షిణ ఇండియా సంఘము ఆంగ్లికన్ సహవాసములోనిది. కనుక అక్కడికి వెళ్లి పారిష్‌లో నివసించు మన సి.ఎస్.ఐ. విశ్వాసి మొదటి తరగతికి చెందును. ఆరు నెలల నియమము అతనికి లేదు. చందా షరతు ఎవరికిని లేదు.

రోల్‌లో ఉన్నవారే వార్షిక సభలో పారిష్ కౌన్సిలుకు గృహస్థ ప్రతినిధులను ఎన్నుకొందురు. కాపరి స్థానము ఖాళీ అయినప్పుడు నూతన కాపరి ఎంపికలో పాల్గొను ఇద్దరు ప్రతినిధులను ఆ కౌన్సిలే నియమించును. ఏండ్ల తరబడి ప్రభురాత్రి భోజనములో పాలుపొందినను, పేరు నమోదు చేసికొననివారికి ఈ ఎన్నికలో ఓటు లేదు.

ఆరేండ్లకొకసారి రోల్ పూర్తిగా క్రొత్తగా తయారగును. 2025లో అట్లే జరిగినది. అప్పుడు పాత సభ్యులు సహితము మరల దరఖాస్తు చేయవలసి వచ్చినది. వార్షిక సభకు ముందు సవరణ ముగిసిన తరువాత, సభ ముగియువరకు క్రొత్త పేర్లు చేర్చరు.

కాబట్టి విదేశమునకు వెళ్లు విశ్వాసికి పరిచయ పత్రముతో పాటు ఈ సలహాను కూడ కాపరులు ఇయ్యవలెను. క్రీస్తు శరీరములో అతిథిగా మిగిలిపోవుట అవయవమునకు తగదు.