మిల్లుశాల ఇల్లగునప్పుడు

మన ఇండ్లలో అటక యనగా పాత బిందెలు, ఆవకాయ జాడీలు, ధాన్యపు బస్తాలు దాచుకొను చోటు. న్యూయార్కు నగరమున ఆ అర్థము గల 'లాఫ్ట్' అను మాటకు వేరొక అర్థము కలిగినది. 1960 ప్రాంతమున అచ్చటి సోహో పేటలో కర్మాగారములు మూతపడగా, వాని పై అంతస్తుల శాలలలో చిత్రకారులు కాపురము పెట్టిరి. అడ్డుగోడలు లేవు, ఇనుప స్తంభములు, ఎత్తైన కిటికీలు మాత్రము కలవు. మొదట అది చట్టవిరుద్ధమే. 1971లో నగరము కళాకారుల నివాసమునకు అనుమతించెను. 1982లో రాష్ట్రము అద్దెదారుల రక్షణకై చట్టము చేసెను.

ఈ ప్రసంగము మనకేల యందురేమో. విజయనగరం, శ్రీకాకుళం సీమ గోగునారకు పుట్టినిల్లు. ఆ నార భీమునిపట్నము పేరుతో విదేశములలో చలామణి యైనది. దానివలన నెల్లిమర్ల, బొబ్బిలి, సాలూరు, రాజాం మొదలగు చోట్ల జ్యూటు మిల్లులు వెలసినవి. పని నిలిచిన శాలను పడగొట్టి ఇనుమును తూకమునకు అమ్ముట సులభము. గోడలు గట్టిగా నున్నచో దానిని నివాసముగా మలచుట మేలు. కాని అది యంత్రమునకును నారకును కట్టిన ఇల్లు. ఏ భాగము నెందుకు కట్టిరో తెలిసికొననిదే సుత్తి యెత్తరాదు.

మొదట కప్పు. నేతశాలలకు సాధారణముగా రంపపు పండ్ల వంటి కప్పు వేసి, నిటారు ముఖమున ఉత్తరదిశగా అద్దములు పెట్టుదురు. ఇంగ్లాండులో ఆ అద్దముపై మధ్యాహ్నపు టెండ యెన్నడును పడదు. విజయనగర మించుమించు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. కావున మే మధ్యనుండి జూలై చివరివరకు మిట్టమధ్యాహ్నమున సూర్యుడు మనకు కొంచె ముత్తరముగా నుండును. అద్దముపై చిన్న చూరు దింపనిచో ఇల్లు కొలిమి యగును.

వేడిగాలి పైకెగయును. అందుచేత శాల యెత్తు వరమే. పైన గాలి పోవు మార్గము లుంచవలెను. రేకు క్రిందనే మధ్య అటక వేసి పడక లమర్చుట పొరపాటు. పాత సిమెంటు రేకులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చును. వానిని కోసినను, పగులగొట్టినను, రుద్దినను వెలువడు ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. తీయు పనిని తెలిసినవారికే అప్పగింపుడు.

సున్నముతో కట్టిన ఇటుక గోడకు సిమెంటు పూత పూయరాదు. లోని చెమ్మ వెలికి రాలేక, ఉప్పు పేరుకొని, ఇటుక పెచ్చు లూడును. సున్నపు పూతయే తగినది.

ఇక గాలివాన. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస చెంత తిత్లీ తీరము దాటినవి. తెరచిన వాకిట చొరబడిన గాలి కప్పును లోపలినుండి పైకి నెట్టును. కావున తలుపులు గట్టిగా బిగియవలెను. తుప్పుపట్టిన కొక్కెపు బోల్టులను రంగు వేయుటకు ముందే మార్చవలెను.

ఇంత చేసిన పిమ్మట, గోడపై చెక్కుచెదరని మిల్లు గుర్తు లేవైన నున్నచో చెరపకుడు. అచ్చట పనిచేసినవారి మనుమలు ఆ వీధిలోనే యుండవచ్చును. వారొకనాడు వచ్చి, తమ తాత నిలిచి పనిచేసిన చోటేదని యడిగిన, చూపగలిగిన ఇల్లే చక్కగా బాగుచేసిన ఇల్లు.