చక్రములపై గృహము: తొలి ప్రయాణమునకు ముందు

వ్యాను లోపల పరుపు, పొయ్యి, నీటి డబ్బా అమర్చుకొని ఇంటిని వెంటబెట్టుకొని తిరుగు అలవాటు పాశ్చాత్య దేశములలో పాతదే. జర్మనీలో వోక్స్‌వ్యాగన్ సంస్థ 1950లో తయారుచేయ నారంభించిన వ్యానులో, మరుసటి సంవత్సరమే వెస్ట్‌ఫాలియా అను సంస్థ పడక సామగ్రి అమర్చి విక్రయించినది. ఇపుడు మన ప్రాంతములో కూడ కొందరు పాత మెటాడోర్ వ్యానులను ఇట్లు మార్పించుకొనుచున్నారు. బ్రేకుల సంగతి మెకానిక్కు చూచును. పదునైదేండ్లు దాటిన బండి రిజిస్ట్రేషను, లోపల చేయు మార్పులకు కావలసిన అనుమతి రవాణాశాఖవారు చూతురు. ప్రయాణించు శరీరముల సంగతి మాత్రము బయలుదేరువరకు ఎవరికిని గుర్తురాదు.

విశాఖపట్టణమునుండి అరకులోయకు అట్టి వ్యానులో తొలిసారి పోదలచిన వృద్ధదంపతులు ఇటీవల నా వద్దకు వచ్చిరి. భర్త పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. ఆయన అడిగినది ఘాట్ రోడ్డులో భార్యకు వచ్చు వాంతులకు మందు. "అమ్మా, ప్రయాణమునాడు నీరెంత త్రాగుదురు?" అని ఆమెను ప్రశ్నించితిని. "దిగేదాకా గొంతు తడుపుకోనండీ. దారిలో ఆడవాళ్లం ఎక్కడికి పోతాం?" అనెను. రక్తపోటుకు వైద్యులు ఇచ్చిన, మూత్రమును అధికము చేయు మాత్రను కూడ ఆనాడు మానివేయునట! నలుబదేండ్లుగా కాపురము చేయుచున్న భర్తకు ఈ సంగతి నా యెదుటనే తెలిసినది.

మన ఇండ్లలో ఈ పద్ధతి పాటించని స్త్రీలు అరుదు. చరకసంహిత సూత్రస్థానములో ఏడవ అధ్యాయము ఈ విషయమును చర్చించుచున్నది. ఆపరాని వేగములు పదమూడు అని ఆచార్యుడు చెప్పినాడు. అందులో మూత్రవేగము, దప్పిక, నిద్ర మూడును ప్రయాణములో తప్పక అణచబడుచున్నవి. మూత్రమును ఆపినచో వస్తియందు నొప్పి, మూత్రకృచ్ఛ్రము, శిరోవేదన కలుగును. దప్పికను ఆపినచో కంఠము ఎండి, బడలిక, గుండెయందు నొప్పి కలుగును. నీరు త్రాగక మూత్రమును బిగబట్టువారికి మూత్రమార్గములో మంట, సూక్ష్మక్రిముల బాధ వచ్చుట నేటి వైద్యులును అంగీకరించినదే. మాత్రను స్వయముగా మానుట అంతకంటె ప్రమాదము. ప్రయాణమునాడు ఏ వేళకు వేసికొనవలెనో ఇచ్చిన వైద్యుని అడిగి మార్చుకొనవచ్చును.

"మేష్టారూ, వ్యానులో ఏమేమి అమర్చితిరి?" అంటిని. రెండు పడకలు, ఫ్యాను, గ్యాసు పొయ్యి, పాటల పెట్టె అని ఉత్సాహముగా చెప్పిరి. మరుగు లేదు. పొయ్యిని బయటికి తీసి, ఆ చోటున తెర కట్టి, సర్జికల్ దుకాణములో దొరకు కమోడు కుర్చీ నుంచవలసినదని చెప్పితిని. మేష్టారు ముఖము చిన్నబుచ్చుకొనిరి. బండిలో కూర్చుండి కాఫీ కాచుకొనుటయే ఆయన కోరికలలో ముఖ్యమైనదట!

పొయ్యిని తీయుమనుటకు మరియొక కారణము కలదు. అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. పుష్య మాసపు రాత్రులలో చలికి కిటికీలన్నియు బిగించి, లోపల పొయ్యిగాని బొగ్గుల కుంపటిగాని వెలిగించిన యెడల కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. పాత బండి పొగగొట్టము చిల్లుపడినను ఇదే వాయువు లోపలికి చేరును. లక్షణములు తలనొప్పి, తిరుగుడు, వికారము, మత్తు. ఇవి ఘాట్ రోడ్డు వికారమును పోలియుండుటచే జనులు పైత్యమని భ్రమించి నిమ్మకాయ వాసన చూచి పడుకొందురు. బండి కదలక నిలిచియుండగా లోపలివారందరికి ఒకేసారి తల నొచ్చినచో అది పైత్యము కాదు. వెంటనే అందరును బయటి గాలిలోనికి వచ్చి ఆసుపత్రికి పోవలెను. అచట ప్రాణవాయువు నిత్తురు. దీనికి గృహవైద్యము లేదు, నన్ను అడుగవలదు. చలికి కంబళ్లు కప్పుకొని, కిటికీ కొంచెము తెరచియుంచి, పాదములకు, మోకాళ్లకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దించుకొని మేజోళ్లు తొడుగుకొనుట మేలు.

ఆయన అడిగిన మందును కూడ చెప్పెదను. శొంఠిచూర్ణము పావుచెంచా కొద్దిపాటి బెల్లముతో కలిపి బయలుదేరుటకు అరగంట ముందు సేవించవలెను. రక్తము పలుచబడుటకు మందులు వాడువారు, గర్భిణులు వైద్యుని అడిగిన పిమ్మటనే తీసికొనవలెను. ఖాళీ కడుపుతోగాని, కడుపునిండ తినిగాని బండి యెక్కరాదు. రెండు ఇడ్లీలు చాలును. నువ్వులనూనెతో కలిపిన పులిహోర ఆ పూటకు నిలుచును, పెరుగన్నమును ఎండ ముదరకముందే తినవలెను. వాంతులు వచ్చువారు ముందు సీటులో కూర్చుండి దూరముగా చూడవలెను, పుస్తకము చదువరాదు. నీటిని ఒకేసారి గాక, గుక్కెడు గుక్కెడుగా త్రాగుచుండవలెను. హృద్రోగము, మూత్రపిండముల జబ్బు కలవారికి వైద్యుడు చెప్పిన కొలతయే కొలత.

ఇక నడుపువాని నిద్ర. పాత బండి స్టీరింగు బరువు. గతుకులకు ఒడలు త్వరగా అలయును. అపరాహ్ణమున భోజనానంతరము, తెల్లవారుజామున తంద్ర అధికము. కిళ్లీ నమిలిననో, ముఖము కడిగిననో అది పోవునను నమ్మకము ఎన్ని ప్రాణములు తీసినదో! ఆవులింతలు వచ్చినపుడు బండి నాపి ఇరువది నిమిషములు పరుండవలెను. గ్రీష్మమున దప్ప పగటినిద్ర కూడదని చెప్పిన చరకుడే దారి నడచి అలసినవారికి అన్ని ఋతువులలోను అనుమతించినాడు. పడక వెనుకనే యున్నది గదా!

విశాఖనుండి అరకు సుమారు 115 కిలోమీటర్లు. తొలి ప్రయాణమునకు అది తగిన దూరమే. శృంగవరపుకోటలో ఒకసారి, ఘాట్ ఎక్కకముందు మరియొకసారి బండి నాపవలెనని, చీకటిపడకముందే లోయ చేరవలెనని చెప్పితిని. మేష్టారు కాగితముపై వ్రాసికొనిరి. "కమోడు కుర్చీ" అను మాటను మాత్రము ఆమెయే కలము తీసికొని అన్నిటికంటె పైన వ్రాసెను.